చారిటీ యను పదముయొక్క పూర్వవృత్తాంతమును గూర్చిన యుపన్యాసము



ఉపన్యాసమునకు ఆధారముగా ఒక శ్లోకమునో, ఒక మంత్రమునో గ్రహించుట వాడుక. నేడు నేను ఒక్క మాటను, అదియు ఇంగ్లీషు మాటను, గ్రహించుచున్నాను. అది 'చారిటీ' యను పదము. ఈ పదము మనకు క్రొత్తది కాదు. వైద్యశాలల ద్వారములమీదను, అనాథశరణాలయముల పలకలమీదను 'చారిటబుల్ ట్రస్టు' అని నిత్యము చదువుచున్నాము. ఆదాయపు పన్ను లెక్కలలో దాని పేర ఒక పంక్తి ప్రత్యేకముగా వ్రాయుచున్నాము. దాని యర్థమేమని బడిపిల్లవాని నడిగినను, దానమనియో ధర్మమనియో తడుముకొనక చెప్పును. నేటి వాడుకనుబట్టి ఆ యుత్తరము తప్పు కాదు. ఐనను ఈ మాట పుట్టిననాడు దానికి దానమను నర్థము లేదు. చేతినుండి చేతికి పోవు వస్తువుతో దానికప్పుడు సంబంధమే లేకుండెను. అది యెట్టి యర్థముతో పుట్టినదో, ఎట్లు ఇప్పటి యర్థమునకు దిగివచ్చినదో, ఆ దిగిరాకవలన మనమేమి పోగొట్టుకొంటిమో మీ యెదుట విన్నవింపగోరుచున్నాను.

ముందుగా ఒక సందేహమును తీర్చవలయును. మాటయొక్క మూలార్థమే దాని నిజమైన యర్థమని కొందఱు వాదింతురు. నేనట్లు వాదింపను. భాషను వాడెడివారే దాని కధికారులు. వారు అర్థము మార్చుకొన్నచో దానిని నేరమనరాదు. కాని ఒక గొప్ప మాట చిన్నదైపోయినప్పుడు, ఆ మాటతోపాటు మన మనస్సును చిన్నదైనదేమో యని పరీక్షించుకొనుట బుద్ధిమంతుల పని. నేడు నేను చేయదలచినది ఈ పరీక్షయే.

ఇంగ్లీషునుండి వెనుకకు నడచెదము. క్రీ. శ. 1066వ సంవత్సరమున నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లాండును జయించెను. అటుపిమ్మట రాజసభలోను, న్యాయస్థానములలోను ఫ్రెంచిభాష ప్రబలి, ఆ భాషలోని మాటలు వేలకొలదిగా ఇంగ్లీషులో ప్రవేశించెను. వానిలో చారిటీ యొకటి. 12వ శతాబ్దినాటికే ఇంగ్లీషు వ్రాతలలో అది కానవచ్చుచున్నది. నేటి ఫ్రెంచివారు ఈ పదమును 'షారితే' యని పలుకుదురు. ఆ కాలమున మాత్రము వారి నోట మొదటి యక్షరము చకారముగానే యుండెను. తరువాత ఫ్రెంచిలో ఆ చకారము షకారముగా మాఱెను. ఇంగ్లీషువారు తాము తెచ్చుకొన్ననాటి యుచ్చారణను నిలుపుకొనిరి. ఇచ్చినవాడు మఱచిన పలుకుబడిని పుచ్చుకొన్నవాడు కాపాడెనన్నమాట.

ఫ్రెంచినుండి మఱియొక మెట్టు దిగినచో లాటినుభాష. లాటినులో 'క'తో మొదలైన పెక్కు మాటలు ఫ్రెంచిలో చకారమును పొందినవి. గదికి లాటినున 'కామెరా' యని పేరు. అదియే ఫ్రెంచిద్వారా ఇంగ్లీషున 'చేంబర్' ఐనది. పాడుటకు 'కాంతారే' యని పేరు. అది 'చాంట్' ఐనది. ఈ క్రమమునే లాటినులోని 'కారితాస్' అను పదము 'చారిటీ' యైనది. చివరనున్న 'తాస్' యనునది భావమును తెలుపు ప్రత్యయము. 'సమత', 'నమ్రత' యనుచోట్ల మనకు గల 'తా' ప్రత్యయమువంటిది. స్వాతంత్ర్యమునకు లాటినున గల 'లిబెర్తాస్' అను పేరు 'లిబర్టీ' యైనట్లే ఇందును 'తాస్' యనునది 'టీ' యైనది. ఆ ప్రత్యయమును తీసివేసినచో మిగులునది 'కారుస్' అను విశేషణము. కారుస్ అనగా ప్రియుడు. కారితాస్ అనగా ప్రియత్వము.

ఈ 'కారుస్' శబ్దమును తెలుగువాడు గ్రహించినంత సులభముగా మఱియొకడు గ్రహింపలేడని నా తలంపు. ఏలయన, మనము 'ప్రియమైన బిడ్డ' యని యందుము. అంగడికి పోయి వచ్చి 'బియ్యము మిక్కిలి ప్రియమైనది' అని కూడ అందుము. మొదటిచోట ప్రేమపాత్రమని యర్థము. రెండవచోట వెల హెచ్చినదని యర్థము. లాటినులోని కారుస్ శబ్దమునకు సరిగా ఈ రెండర్థములును గలవు. దానినుండి పుట్టిన ఫ్రెంచి 'షేర్' శబ్దమునకును ఇవియే యర్థములు. ఇంగ్లీషున 'డియర్' అనునది వేఱొక మూలమునుండి వచ్చినదైనను, దానికిని ఈ రెండర్థములే కలిగినవి. ఒకరినొకరు చూచి వ్రాసికొన్నట్లు ఇన్ని జాతులవారు ప్రేమకును వెలకును ఒక్క పేరే పెట్టుటకు కారణమేమై యుండును? మనము దేనిని ప్రేమింతుమో దానిని తక్కువ వెలకు విడువము. దానికొఱకు ఎంత వెలయైనను పెట్టుదుము. వెల పెట్ట నిచ్చగింపని ప్రేమ ప్రేమయే కాదని సామాన్యజనులు, ఏ శాస్త్రమును చదువకయే, తమ మాటలలో నిర్ణయించి యుంచిరి.

ఈ కుటుంబమునకు చెందిన మఱికొన్ని పదములను చూడుడు. గుండెకు హత్తుకొని కాపాడుట యను నర్థముగల 'చెరిష్' అను ఇంగ్లీషు మాట కారుస్‌నుండియే ఫ్రెంచిద్వారా వచ్చినది. ప్రేమతో నిమురుటకు పేరగు 'కెరెస్' అను మాటయు ఇటలీభాషద్వారా అచటినుండియే వచ్చినది. ఇంకను లోతునకు పోయినచో, మన సంస్కృతములోని 'కామ' శబ్దమును ఈ కారుస్ శబ్దమును ఒకే ప్రాచీనధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇచ్ఛ, కోరిక యని యా ధాతువున కర్థము. ఇచట ఒక పొరపాటును గూడ తెలిసికొనుట మంచిది. మధ్యయుగపు లేఖకులు కారితాస్ అను పదమును, అనుగ్రహార్థకమగు 'ఖారిస్' అను గ్రీకుపదముతో కలిపి భ్రమపడి, లాటినులో దానికి హకారము చేర్చి వ్రాయుచుండిరి. ధ్వనిలో పోలిక యున్నను ఈ రెండింటికి చుట్టఱికము లేదు. అనుగ్రహము పైనుండి క్రిందికి జాఱునది. ప్రియత్వము ఎదురెదురుగా నిలిచినవారి నడుమ పుట్టునది. లేఖకుల యీ పొరపాటు తరువాతి కాలపు మనుష్యుల పొరపాటునకు ముందుసూచనవలె నున్నది.

రోమకులు ఈ మాట నెట్లు వాడిరో చూతము. క్రీ. పూ. 106 మొదలు 43 వఱకు జీవించిన కికెరో, ఇంగ్లీషువారు సిసిరో యని పిలుచు మహావక్త, తల్లిదండ్రులకును బిడ్డలకును నడుమనుండు మమత మొదలుకొని, బంధువులకును, పౌరులకును, తుదకు మానవజాతికంతటికిని వ్యాపించు ప్రీతిని తెలుపుటకు ఈ కారితాస్ పదమును ప్రయోగించెను. ఆయనయే క్రీ. పూ. 44లో తన కుమారుని కుపదేశముగా వ్రాసిన కర్తవ్యములను గూర్చిన గ్రంథమున, అదే పదమును ధాన్యముయొక్క వెల హెచ్చుటకును ప్రయోగించెను. ఆ రెండవ ప్రయోగము గల కథ మనము వినదగినది.

రోడ్సు ద్వీపమున కఱవు వచ్చినది. ధాన్యము మిక్కిలి ప్రియమైనది. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియానుండి ఓడనిండ ధాన్యము తెచ్చెను. తన వెనుక మఱికొన్ని ధాన్యపుటోడలు వచ్చుచున్నవని అతడెఱుగును, ఊరివా రెఱుగరు. ఆ సంగతి చెప్పినచో వెల పడిపోవును. చెప్పకున్నచో తన ధాన్యము మిక్కుటమైన లాభమున కమ్ముడుపోవును. మంచివాడు ఏమి చేయవలయును? బాబిలోనియావాడని పేరొందిన డయోజినీసు అను తత్త్వవేత్త, చట్టము చెప్పుమన్నంతవఱకు చెప్పి, మోసము చేయకుండ అమ్ముకొనవచ్చుననెను. అతని శిష్యుడగు ఆంటిపేటరు, కొనువాని కేదియు దాచగూడదనెను. మానవులందఱును ఒక్క సంఘమున పుట్టినవారు, ఒకరి క్షేమము మఱియొకరి క్షేమముతో ముడిపడినది, ఆకలిగొన్నవానికి రాబోవు అన్నముయొక్క వార్తను దాచుట తగదు అని యాతని వాదము. కికెరో శిష్యుని పక్షమునే సమర్థించెను.

సోదరులారా, ఈ కథలో కారితాస్ పదముయొక్క రెండర్థములును పోరాడుచున్నవి. ధాన్యము ప్రియమా? మనుష్యుడు ప్రియుడా? వర్తకుని మనస్సులో ఏది యెక్కువ ప్రియమైనదో దానినిబట్టి యాతడు నోరు తెఱచును, లేదా మూసికొనును. ఆ యూరివారి కాతడు ఒక గింజయైన ఊరక యీయనక్కఱలేదు. ఒక్క నిజము చెప్పిన చాలును. దానము లేకుండగనే సంపూర్ణమైన కారితాస్ ఉండవచ్చునని దీనివలన తేలుచున్నది. దీనికి విపర్యయము కూడ సాధ్యమే. లాభమంతయు కూడబెట్టుకొన్న పిమ్మట అతడు పది బస్తాలు ఉచితముగా పంచి, దాతయని పేరు పొందవచ్చును. అట్టి దానములో కారితాస్ అణుమాత్రమైన నుండదు.

ఇంతవఱకు ఇది లౌకికపదము. దీనిని మతముయొక్క పదముగా చేసినవారు క్రైస్తవ లాటినులు. క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వ్రాయబడినది. అందు ఈశ్వరునికి మనుష్యులయెడలను, మనుష్యులకు ఒకరియెడల నొకరికిని గల ప్రేమకు 'అగాపే' యను మాట వాడబడినది. దానిని లాటినులోనికి మార్చువారికి చిక్కు కలిగెను. ప్రేమకు లాటినులో 'ఆమోర్' అను ప్రసిద్ధమైన పద మొకటి యుండెను. కాని అందు మోహపు వాసన తగులుచుండుటచే వారు తఱచుగా దానిని విడిచి, 'కారితాస్', 'దిలెక్తియో' అను పదములను గ్రహించిరి. 382వ సంవత్సరప్రాంతమున జెరోము ఆరంభించిన సంస్కరణమువలన ప్రసిద్ధికెక్కిన వల్గేటు అను లాటిను బైబిలులో, పాలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖయొక్క 13వ యధ్యాయమున కారితాస్ పదమే యున్నది. యోహాను తన మొదటి లేఖలో ఈశ్వరుడే ప్రేమస్వరూపుడని చెప్పినచోటను ఆ పదమే యున్నది. అంగడిలో ధాన్యపు వెలకు వాడిన మాటను వారు పరమాత్మస్వరూపమును చెప్పుట కుపయోగించిరి. మానవుడు ఈశ్వరునకు ప్రియుడు, అనగా మిక్కిలి వెలగలవాడు, అను భావము దానిలో నిమిడియున్నది.

ఇంత యెత్తున నిలిచిన మాట భిక్షాపాత్రలోనికి ఎట్లు జాఱెను? ఎవరును దానిని త్రోయలేదు. ప్రేమ హృదయమున నుండును, కానరాదు. ప్రేమతో చేయబడిన దానము కంటికి కానవచ్చును. కానవచ్చుదాని నే లోకము గుర్తించును. మఠద్వారములయొద్ద బీదలకు రొట్టె పంచుట ప్రేమకార్యమని మొదట చెప్పిరి. పిమ్మట ప్రేమ యనగా రొట్టె పంచుటయే యని తలచిరి. అంశమునకు మొత్తముయొక్క పేరు పెట్టుట, పిదప మొత్తమును మఱచుట, భాషలో సామాన్యముగా జరుగు విషయమే.

ఈ సంగతిని గుర్తించి మొఱపెట్టినవాడు విలియము టిండేలు. ఆయన 1526లో క్రొత్తనిబంధనను గ్రీకునుండి ఇంగ్లీషు చేసి అచ్చువేయించినప్పుడు, 14వ శతాబ్దినాటి విక్లిఫు బైబిలులోనున్న చారిటీ యను మాటను తీసివేసి, 'లవ్' అను సామాన్యమైన యింటిమాటను పెట్టెను. 1529లో సర్ తామసు మోరు దీనిని తీవ్రముగా ఖండించెను. ప్రతి లవ్వును చారిటీ కాదు, దుష్టమైన కోరికకును లవ్ అనియే పేరు, కాబట్టి పవిత్రమైన మాటను విడిచి అపవిత్రము కాగల మాటను పెట్టుట యనర్థహేతువు అని యాతని యాక్షేపణము. 1531లో టిండేలు ప్రత్యుత్తర మిచ్చెను. ఈ దినమునకు నా చారిటీ చేసితినని జనులు చెప్పునప్పుడు భిక్ష యను నర్థమునే గదా వాడుచున్నారు? ఒకడు చారిటీ తప్పి యున్నాడన్నప్పుడు ఓర్పు లేదను నర్థమున గదా వాడుచున్నారు? పైగా ఈ మాట క్రియగా పనికిరాదు. ఈశ్వరుని 'లవ్' చేయుమని, పొరుగువానిని 'లవ్' చేయుమని చెప్పవచ్చును గాని, 'చారిటీ' చేయుమని చెప్పుట కుదరదు గదా? ఇది యాయన వాదముయొక్క సారము.

ఈ యిరువురి వాదములోను సత్యము గలదని నాకు తోచుచున్నది. మోహము వేఱు, ప్రియత్వము వేఱు అనుట నిజము. మనుష్యుని ఉద్దేశించి చెప్పుటకు వీలులేని ప్రేమపదము చచ్చిన పదమనుటయు నిజము. ఐనను అత్యంతశోచనీయమైన సంగతి యేమనగా, ప్రేమకు తగిన పేరేదియని వాదులాడిన యీ విద్వాంసు లిరువురును బలవన్మరణము నొందిరి. 1535లో మోరునకు ఇంగ్లాండున శిరచ్ఛేదము జరిగెను. 1536లో టిండేలును బ్రసెల్సునకు సమీపమున ఉరిబిగించి, దేహమును దహించిరి. ప్రేమపదమును నాలుకపై నుంచుకొన్న యుగము ప్రేమను హృదయమున నుంచుకొనలేకపోయెను.

1611లో రాజాజ్ఞచే వెలువడిన బైబిలు కొరింథీయుల లేఖలో చారిటీ పదమునే మరల నిలిపెను. దీనివలన ఒక విచిత్రము సంభవించెను. ఆ యధ్యాయమున పాలు, ఒకడు తనకున్నదంతయు బీదలకు పెట్టినను, ప్రేమ లేనిచో వానికి ప్రయోజనము లేదని యుపదేశించుచున్నాడు. చారిటీ యనగా భిక్షయని తలచు నింగ్లీషు పాఠకుడు దీనిని చదివినచో, సర్వస్వమును భిక్షగా నిచ్చినను భిక్ష లేనిచో వ్యర్థమని చదివినట్లగును! వాక్యమే యాతని యర్థమును కాదని కేకవేయుచున్నది. 1881లో వెలువడిన సవరించిన ప్రతిలో లవ్ అను మాట మరల వచ్చెను. మన తెలుగు బైబిలులోను ఆచోట ప్రేమ యనియే యున్నది.

ఇంతలో చట్టముకూడ ఈ పదమును తన వశము చేసికొనెను. ఎలిజబెత్తు రాణి కాలమున 1601లో చేయబడిన చట్టముయొక్క పీఠికలో, చారిటీ కార్యము లివియని ఒక పట్టిక యున్నది: వృద్ధులకును దుర్బలులకును సాయము, గాయపడిన సైనికుల పోషణము, పాఠశాలలు, వంతెనలును రేవులును దారులును బాగుచేయుట, బీదకన్యల వివాహములు మొదలైనవి. ఇవి యన్నియు మంచి కార్యములే. ఈ పట్టికలో ప్రేమకు చోటు లేదని చట్టమును నిందింపను. చట్టము చేతుల నాజ్ఞాపింపగలదు గాని హృదయము నాజ్ఞాపింపజాలదు. కాని హృదయము తప్పుకొన్న సాయ మెట్లుండునో చూడుడు: 1697లో ఇంగ్లాండున, ఊరి సొమ్ముతో బ్రదుకు బీదలు, వారి భార్యలు, బిడ్డలు కుడిభుజముపై ఎఱ్ఱగుడ్డతోగాని నీలపుగుడ్డతోగాని బీదతనమును తెలుపు అక్షరమును కుట్టించుకొనవలెనని శాసనమయ్యెను. అది రద్దగుటకు 1810వ సంవత్సరము రావలసివచ్చెను. కడపట ఇంగ్లీషువారే, మిక్కిలి చల్లని వస్తువును చారిటీతో పోల్చి చెప్పు నానుడిని కల్పించుకొనిరి. ప్రియత్వమను పేరుతో పుట్టిన మాట చల్లదనమునకు ఉపమానమయ్యెను.

ఇది సీమవారి కథయని మనము నవ్వరాదు. మన వీథులలో ప్రతిదినము వినవచ్చు నొక కేకను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బిచ్చగాడు వాకిట నిలిచి 'ధర్మం చేయండి బాబూ' యనును. లోకమును ధరించునది, ఏది లేకున్న సమస్తమును కూలిపోవునో అది, ధర్మమని మన పూర్వులు చెప్పిరి. అంత మాట మనచేతిలో ఒక నాణెమైనది. ఉచితముగా పెట్టు వైద్యశాల 'ధర్మాసుపత్రి' యైనది. బీదల కొఱకై విడిచిన సొత్తు 'ధర్మాదాయ'మైనది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమునకు ఇంగ్లీషు పేరులో చారిటబుల్ అనునది యుండగా, తెలుగున 'ధర్మాదాయ' మనియే వ్యవహారము. వేఱువేఱు ఖండములలో, ఒకదాని నొకటి యెఱుగని రెండు మహాపదములు, ఒకే మెట్లు దిగి వచ్చి, ఒకే కార్యాలయపు పలకమీద కలిసికొన్నవి. కాబట్టి రోగము లాటినుభాషది కాదు, ఇంగ్లీషుజాతిది కాదు. అది మనుష్యహృదయముయొక్క రోగము. ఇచ్చినచో ఋణము తీరినదని హృదయము తలచును. ఎవరికిచ్చితిమో వానివంక చూడవలసిన శ్రమ తప్పినదని సంతసించును.

ఈ మాట లింత ధైర్యముగా చెప్పుచున్నవాడు ఆ రోగమునుండి విముక్తుడని మీరు తలపవలదు. కొన్ని యేండ్ల క్రిందట, మా తండ్రిగారి యాబ్దికమునాడు, మా యూరి సత్రపు ముంగిట నూఱుగురు వృద్ధులకు కంబళ్లు పంచితిని. ఛాయాచిత్రకారునిగూడ పిలిపించితిని. వరుసలో నొక ముసలమ్మ నాయొద్దకు వచ్చి, 'అమ్మగారు బాగున్నారా బాబూ?' అని యడిగెను. బాగున్నదని చెప్పి, కంబళి చేతిలో పెట్టి, తరువాతివారిని పిలిచితిని. వారము దినములకు చిత్రములు వచ్చినవి. మా తల్లిగారు వానిలో నొకదానిని చేతబట్టుకొని చాలసేపు చూచి, 'నీవు పసివాడవై యుండగా నేను రెండేండ్లు మంచముపట్టినప్పుడు నిన్ను ఎత్తి పెంచినది ఈమెయే, గుర్తుపట్టలేదా?' అనెను. ఆ చిత్రమును నేను మరల చూచితిని. అందు నా కన్నులు చిత్రకారునివంక నున్నవి. ఆమె కన్నులు నా ముఖముమీద నున్నవి.

మఱునాడు వెదకికొని పోతిని. ఆమె చాప పఱచి, మజ్జిగ యిచ్చెను. కంబళి సంగతి నేనెత్తగా నవ్వి, 'కంబళి నాకు ఉంది బాబూ. నువ్వు పంచుతున్నావని విని, ఒకసారి నిన్ను చూసి పోదామని వచ్చాను' అనెను. ఆ దినమున ఆ ముంగిట కారితాస్ ఎవరియొద్ద నుండెను? ఇచ్చిన నాయొద్దనా, పుచ్చుకొన్న యామెయొద్దనా? మాటలలో తెలిసినది, అరిగిపోయిన వ్రేళ్లముద్ర యంత్రముపై పడకపోవుటచే ఆమెకు వృద్ధాప్యపు పింఛను కొన్ని నెలలుగా రాకున్నదని. ఆమెను వెంటబెట్టుకొని మూడు దినములు తిరిగినపిమ్మట ఆ పని సానుకూలమయ్యెను. నూఱు కంబళ్లకు నేను పెట్టిన వెల నా పెట్టెలోనిది. ఆ మూడు దినముల వెల నా జీవితములోనిది. ప్రియమను మాటకు రెండర్థము లేల కలిగెనో నాకప్పుడు తెలిసినది.

ఇంతమాత్రమున దానము మానుడని నేను చెప్పుటలేదు. ఆకలి మన ప్రేమ పక్వమగువఱకు వేచియుండజాలదు. ప్రేమ కలిగినపిమ్మట ఇచ్చెదనని ముడుపు విప్పనివాడు, ప్రేమ లేక యిచ్చినవానికంటె హీనుడు. చల్లనిచేతితో పెట్టిన యన్నమును కడుపు నింపును. నేను కోరునది చేయి వెనుకకు తీయుట కాదు. చేయితోపాటు ముఖమును ముందునకు చాచుట.

దీనికి మార్గమును మన యుపనిషత్తులే చూపియున్నవి. తైత్తిరీయములోని శిక్షావల్లిలో, చదువు ముగించి యింటికి పోవు శిష్యునకు గురువు దానముయొక్క విధము నుపదేశించుచున్నాడు. శ్రద్ధ కావలయునట, లజ్జ కావలయునట, భయము కావలయునట, సంవిత్తు కావలయునట. ఇచ్చువానికి లజ్జ యేల? సామాన్యముగా సిగ్గుపడువాడు పుచ్చుకొనువాడు గదా? ఎదుటివాడు చేయి చాచువఱకు వాని యక్కఱను మనము కనుగొనకపోవుట సిగ్గుపడదగిన విషయము. మనయొద్ద నిలువయున్నదానిలో ఇంత స్వల్పము నిచ్చుటయు సిగ్గుపడదగిన విషయము. సంవిత్తనగా మైత్రి మొదలైనదని శంకరాచార్యుల భాష్యము. దాత తలయెత్తి, గ్రహీత తలదించవలసిన మన పద్ధతిని ఈ యుపదేశము తలక్రిందులు చేయుచున్నది. భగవద్గీత 17వ యధ్యాయమున, ఆదరము లేక అవమానముతో నిచ్చు దానము తామసమని, దానములలో కడపటి తరగతిలో చేర్చబడినది. ఎంత యిచ్చితిమని గీత యడుగలేదు, ఎట్లిచ్చితిమని యడిగినది.

కావున మీలో ధర్మనిధులు నడుపువారును, విద్యార్థులకు వేతనములిచ్చువారును, పండుగనాడు బీదలకు పెట్టువారును కలరు గనుక, మూడు మాటలు మనవిచేసి ముగించెదను. ఇచ్చుటకు ముందు వాని పేరడుగుడు. వానికేమి కావలయునో మన మూహించుటకు మాఱుగా వాని నోటనే వినుడు. ఇచ్చునప్పుడు వానివంక చూడుడు. చిత్రము తీయువానివంక చూడకుడు. ఈ మూడింటికిని ధనము కాదు, కాలము కావలయును. ధనవంతునకు కాలమే మిక్కిలి ప్రియమైన వస్తువు. కనుకనే అదియే నిజమైన దానము.

ఓ పరమేశ్వరా! నీకు మేము ప్రియులమని మాకు తెలియజేసితివి. మాకు నీ విచ్చిన యన్నము, శ్వాస, వెలుతురు, ఏదియు మా ముఖమును చూడక యీయలేదు. నీచే నింత యాదరముతో పుచ్చుకొన్న మేము, నీ బిడ్డలకు అనాదరముతో నిచ్చుచున్నాము. మా చేతులలోని చల్లదనమును పోగొట్టుము. మా నోట చిన్నవైపోయిన గొప్పమాటలను మా నడవడియందు మరల గొప్పవి చేయుము. మా వాకిట నిలిచినవాడు మాకు ప్రియుడగుగాక. వానికొఱకు వెల పెట్టుటకు మాకు మనస్సు కలుగుగాక.